ఆపి వేసే ముందు

టీవీలో బొమ్మ బిగుసుకుపోతే మదనపల్లెలోనైనా, పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా మొదట వినబడే సలహా ఒకటే: ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి. చాలాసార్లు బొమ్మ తిరిగి వస్తుంది కూడా, ఆ సలహాకు అంత పలుకుబడి అందుకే. కానీ బొమ్మ రావడం వేరు, ఎందుకు పోయిందో తెలియడం వేరు. జ్వరం మాత్ర ఒళ్లు చల్లబరుస్తుంది గానీ జబ్బేమిటో చెప్పదు. పైగా స్విచ్చు ఆపగానే ఏ దీపం ఎర్రగా ఉందో, ఏది ఆగిందో, ఏది నడుస్తోందో చెప్పే ఆనవాళ్లన్నీ చెరిగిపోతాయి. మర్నాడు అదే తంటా వస్తే కథ మళ్లీ మొదటికే.

మన పల్లెల్లో ఈ ఆనవాళ్లకు విలువ మరీ ఎక్కువ. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, ఫోన్, టీవీ మూడూ ఇస్తామంటూ వచ్చింది. అంత చౌకకు ఒక కారణం, నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగడం. మంచి ఆలోచనే. అయితే ఆ తీగ గాలివానకూ, విరిగిపడే కొమ్మకూ సులువుగా దొరుకుతుంది. తీగ తెగితే ఇంట్లోని ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా వెలుగుతుంది. అప్పుడు టీవీ పెట్టెను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. ఆ దీపం వెలగకుండా, ఫోన్‌లో యూట్యూబ్ చక్కగా వస్తూ, చానళ్లు మాత్రమే ఆగిపోతే తీగ బాగానే ఉన్నట్టు. ఇలాంటి నెట్ టీవీల్లో చానళ్లు సాధారణంగా అందరికీ ఒకే ప్రవాహంగా వస్తాయి, యూట్యూబ్ వీడియో ఎవరిది వారికే విడిగా వస్తుంది. ఒకటి చెడి రెండోది నడుస్తోందంటే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గినట్టే.

టీవీకి తగిలించే స్టిక్కుల తంటాలు ఇంకా మాయగా కనిపిస్తాయి. సినిమా మధ్యలో స్టిక్ తనంతట తానే ఆరి వెలుగుతుంటే నెట్‌ను తిట్టుకుంటాం, దానికి కరెంటు ఎక్కడినుంచి వస్తోందో చూడం. టీవీ వెనకాల ఉండే యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది అర ఆంపియరే, చాలా స్టిక్కులకు ఒక ఆంపియర్ అడాప్టర్ కావాలి. మాటలు వినబడుతూ తెర నల్లగా ఉంటే హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణను అనుమానించాలి. 4కె సినిమాకు అందులో 2.2 రకం కావాలి, పాత టీవీయో మధ్యలో పెట్టిన స్ప్లిటరో దాన్ని ఒప్పుకోకపోతే బొమ్మ రాదు. ఈ రెండింటిలోనూ కేబుల్ ఆపరేటర్ తప్పు రవ్వంత కూడా లేదు.

రీస్టార్ట్‌తో పని జరుగుతుంటే కారణంతో పనేమిటని అడగవచ్చు. మెమరీ నిండిపోయిన పెట్టెకు అది సరైన మందే, కాదనను. చిక్కల్లా అది ఫలించనప్పుడు మనం ఇంకో అడుగు వేసి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడంలోనే ఉంది. 2025 మార్చి 9 ప్రాంతంలో ప్రపంచమంతటా, టీవీకి తగిలించే గూగుల్ పరికరాలైన రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. వాటిలోని పదేళ్ల నాటి భద్రతా సర్టిఫికెట్ గడువు తీరిపోవడమే కారణం. రీసెట్ చెయ్యవద్దని గూగుల్ చెప్పింది. కదపకుండా ఉంచినవాళ్లకు కొద్దిరోజుల్లో అప్‌డేట్‌తో బాగయ్యాయి, అప్పటికే రీసెట్ చేసినవాళ్లు వాటిని మళ్లీ సెటప్ చేసుకోలేక ఇబ్బంది పడ్డారు. ఇంటింటా ఒకే గంటలో ఒకే తప్పు కనిపిస్తే అది మన పెట్టెది కాదని ఈ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి.

నెలనెలా డబ్బు కడుతున్నాం, ఈ పరిశోధన మాకెందుకు అనేవారి మాటలో న్యాయముంది. బాగుచెయ్యడం ముమ్మాటికీ ఆపరేటర్ బాధ్యతే. కానీ రాత్రి తొమ్మిదికి వచ్చిన తప్పు, అతను పొద్దున వచ్చేసరికి ఉండదు. దాన్ని చూసింది ఇంట్లోవాళ్లే. "నెట్ రావట్లేదు" అంటే అతనికి తెలిసేది ఏమీ లేదు. "తొమ్మిదికి చానళ్లు ఆగాయి, యూట్యూబ్ వస్తోంది, ఎర్రదీపం లేదు" అంటే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. ఫోన్‌తో ఆ దీపాలను ఒక ఫొటో తీయడానికి చదువు అక్కర్లేదు, అరనిమిషం చాలు.

ఆపరేటర్లకూ ఒక విన్నపం. ఫిర్యాదు రాగానే మొదట ఏ దీపం ఎర్రగా ఉందో అడగండి, జవాబును తేదీతో, వేళతో రాసి పెట్టుకోండి.