వంద గుర్రాల దాహం

మన ఊళ్లల్లో కారు కొన్నవాణ్ని రంగేమిటని అడిగేవాళ్లు తక్కువ. "లీటరుకు ఎంతిస్తోంది?" అనే అడుగుతారు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ నుంచి వియ్యంకుడి దాకా అందరిదీ అదే ఆరా. చిన్న కారు వాడు గర్వంగా ఇరవై అంటాడు. డీజిల్ వాడు ఉన్నదానికి ఇంకో రెండు కలిపి చెబుతాడు. నాలాగా పాత ఫియట్ పాలియో 1.6 నడిపేవాడికి మాత్రం ఆ మాట, నలభై దాటిన బ్రహ్మచారిని శుభలేఖ ఎప్పుడిస్తావని అడిగినట్టుంటుంది. ఊళ్లో తొమ్మిది. ఏసీ వేసి పంజాగుట్ట మీదుగా వస్తే ఎనిమిది. నిజం చెప్పామా, ఎదుటివాడు మన జీతం లెక్క కట్టడం మొదలుపెడతాడు.

పాలియో మన దేశానికి 2001లో వచ్చింది. 1.2 లీటర్ల ఇంజనుతో ఒకటి, 1.6 లీటర్లతో ఇంకొకటి. రెండోదానికి పదహారు వాల్వులు, వంద హార్స్‌పవర్. రోడ్ల మీద మారుతి 800 రాజ్యమేలుతున్న కాలంలో అది మామూలు సంగతి కాదు. సచిన్ తెందూల్కర్ ప్రచారం చేశాడు, ఆయన పేరు మీద ఎస్10 అని కొన్ని ప్రత్యేకమైన బండ్లు కూడా వదిలారు. బండి టన్ను దాటి తూగుతుంది. తలుపు వేసినప్పుడే ఆ బరువు చెవికి తెలుస్తుంది. కుర్రాళ్లు దీని మీద మోజు పడ్డారు, వాళ్ల నాన్నలు మైలేజీ అడిగి మారుతి షోరూముకు నడిచారు. అలా మోజు తీరకుండా మిగిలిపోయినవాళ్లే ఇప్పుడు తలలు నెరిశాక సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కుని కొంటున్నారు. నేనూ ఆ జాబితాలోవాణ్నే. కొన్నాక ఆదివారాలు మాత్రమే తీస్తామనుకుంటాం గానీ, ఉన్న ఒక్క కారూ అదే అయినప్పుడు ఉప్పల్ నుంచి గచ్చిబౌలి దాకా ఆఫీసుకూ అదే మోయాలి.

ఇంత తాగుడు ఎందుకంటే, పెద్ద ఇంజను చిన్న పని చేసేటప్పుడే ఎక్కువ దుబారా చేస్తుంది. లోపలికి వెళ్లే గాలి థ్రాటిల్ అనే గుండ్రటి రేకు పక్క సందులోంచి వెళ్లాలి. యాక్సిలరేటర్ కొంచెమే నొక్కితే ఆ రేకు దాదాపు మూసుకునే ఉంటుంది, పిస్టన్లు ఆ సన్నటి సందులోంచి గాలి లాక్కోవడానికే పెనుగులాడాలి. ఆ పెనుగులాటకీ పెట్రోలే ఖర్చు. పైగా పదహారు వాల్వులనీ, వాటి స్ప్రింగులనీ, నాలుగు పెద్ద పిస్టన్లనీ ఊరికే ఆడించడానికి ఇంకొంత. అమీర్‌పేటలో ముందున్న ఆటో వెనక పాకుతున్నప్పుడు మనకు కావలసిన శక్తి వందలో ఏ పదోవంతో. మిగతా గుర్రాలు పని చేయవు గానీ మేత మానవు.

ఇంకా నయం, లెక్క మాత్రం తాగుబోతు బండి పక్షాన ఉంది. లీటరుకు పదహారు ఇచ్చే కారును ఇరవైకి తెచ్చారనుకోండి, వెయ్యి కిలోమీటర్లకు పన్నెండున్నర లీటర్లు మిగులుతాయి. ఎనిమిది ఇచ్చేదాన్ని పదికి తెస్తే? చూడటానికి రెండే పెరిగింది. మిగిలేది మాత్రం పాతిక లీటర్లు. మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. డ్యూక్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో ఈ సంగతే రాశారు. గ్యాలనుకెన్ని మైళ్లు అని లెక్కేసినప్పుడు జనం ఎక్కడ ఎక్కువ ఆదా అవుతుందో తప్పుగా అంచనా వేస్తారని చూపించారు. యూరప్ వాళ్లు వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని అడుగుతారు. ఆ పద్ధతిలో ఈ మోసం లేదు. అందుకే ఇరవై వచ్చే బండి మీద తంటాలు పడేవాడికంటే తొమ్మిది వచ్చేవాడు పడే తంటాకే ఫలం ఎక్కువ. మా ఆఫీసులో హైబ్రిడ్ కారు మిత్రుడికి ఇది చెప్పాను. నవ్వి, టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

ముందు కొలత సరిగ్గా ఉండాలి. రెండొందలకు, ఐదొందలకు పోయించుకుంటే ఎప్పటికీ ఏమీ తెలియదు. ఒకే బంకులో, పంపు దానంతటది ఆగేదాకా ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్లీ అక్కడే నింపించి భాగించాలి. "ఇంకొంచెం పడుతుంది సార్" అని బంకు కుర్రాడు గొట్టం కదిలిస్తాడు. వద్దనాలి. ఇంకో సంగతి: అందానికని కంపెనీవాటి కంటే పెద్ద చక్రాలు వేయించుకున్న బండ్లలో ఓడోమీటరు నడిచినదానికంటే తక్కువ చూపిస్తుంది. టైరు వెడల్పు వల్ల కొంత మైలేజీ నిజంగానే పోతుంది, వ్యాసం పెరిగినందువల్ల ఇంకొంత కాగితం మీద పోతుంది.

ఆ తర్వాత వైద్యం. ఇక్కడ నా ఉద్దేశం ఒక్కటే: పాత బండికి ఏదో కొత్తగా తగిలిస్తే మైలేజీ రాదు, దాని ఒంట్లోంచి ఎవరో తీసేసినదీ, అరిగిపోయినదీ తిరిగి పెడితే వస్తుంది. తీసేసినవాటిలో మొట్టమొదటిది థర్మోస్టాట్ వాల్వు. మన షెడ్లలో రేడియేటర్ ఒకసారి పొగలు కక్కితే చాలు, మెకానిక్ దాన్ని పీకి పక్కన పడేస్తాడు. "ఇది చలి దేశాలకి సార్, మన ఎండలకి ఎందుకు?" అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఫ్లైఓవర్ మీద బానెట్ లేపుకుని నిలబడ్డవాడు ఆ మాటకు చేతులెత్తి మొక్కుతాడు కూడా. నేను కొన్న బండిలో కూడా ఆ వాల్వు ఉండాల్సిన చోట ఖాళీయే ఉంది.

ఇంతకీ ఆ చిన్న వాల్వు చేసే పనేమిటి? ఇంజను చల్లగా ఉన్నంతసేపు కూలెంటును రేడియేటర్ వైపు పోనివ్వదు. లోపలే తిప్పుతుంది. ఎనభై, తొంభై డిగ్రీల మధ్య ఎక్కడో, ఆ ఇంజనుకు పెట్టిన హద్దు దగ్గర తెరుచుకుంటుంది. అది లేకపోతే స్టార్ట్ చేసిన క్షణం నుంచీ రేడియేటర్ చల్లబరుస్తూనే ఉంటుంది. డిసెంబరు పొద్దున ఆఫీసు సగం దూరం వచ్చినా సూది మధ్యకు రాదు. వేడి చెప్పే సెన్సారు "ఇంకా చల్లగానే ఉన్నాం" అంటుంది. ఆ మాట నమ్మి ఇంజనును నడిపే కంప్యూటరు పెట్రోలు కాస్త ఎక్కువే చిమ్మిస్తుంది, చల్లని ఇంజనులో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి. ఆయిలు పలచబడదు, రాపిడి తగ్గదు. ఎక్కువైన పెట్రోలు సిలిండరు గోడల మీంచి జారి ఆయిల్లో కలుస్తుంది. ఒక్క రోజులో ఏ నష్టమూ కనిపించదు. అందుకే ఎవరూ దాన్ని జబ్బు అనుకోరు. బండి పొగలు కక్కడానికి అసలు కారణం పూడుకుపోయిన రేడియేటరో, తిరగని ఫ్యానో, ఊడిపోయే మూతో. దాన్ని బాగుచేసి థర్మోస్టాట్ మళ్లీ పెట్టించడం సరైన పని. ఫియట్ మన దగ్గర అమ్మకాలు ఆపేశాక స్పేర్లు దొరకడం ఓ వేట. అయినా దొరుకుతాయి.

రెండోది సైలెన్సరు గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సారు. ఒక వంతు పెట్రోలుకు బరువులో 14.7 వంతుల గాలి ఉంటే అది పూర్తిగా మండుతుంది. కలయిక ఆ లెక్క తప్పిందా లేదా అని పొగలో మిగిలిన ప్రాణవాయువును బట్టి కంప్యూటరుకు చెప్పేది ఈ సెన్సారే. ముసలిదైతే అబద్ధం చెప్పదు గానీ ఆలస్యంగా చెబుతుంది. చెక్ లైటు వెలిగేదాకా ఆగితే అప్పటికే ఎన్నో ట్యాంకులు కరిగిపోయి ఉంటాయి.

మూడోది బ్రేకు. పాత బండ్లలో కాలిపర్ పిన్నులు తుప్పుపట్టి, పెడల్ మీంచి కాలు తీశాక కూడా ప్యాడ్ డిస్కును వదలదు. దూరం వెళ్లొచ్చి ఆగినప్పుడు నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దూరంగా పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే వేడిగా సెగ కొడితే దొంగ అక్కడే ఉన్నాడు. జాకీ వేసి లేపి చేత్తో తిప్పితే ఇంకా స్పష్టం.

గాలి ఫిల్టరు గురించి మాత్రం షెడ్లలో చెప్పే మాట పాత కాలంది. కార్బురేటర్ రోజుల్లో మురికి ఫిల్టరు మైలేజీని తినేది నిజం. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో ఇంజెక్షన్ కార్ల మీద పరీక్షించి చూస్తే, ఫిల్టరు పూడుకుపోయినా మైలేజీ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, పికప్ మాత్రం తగ్గింది. లోపలికి వచ్చిన గాలిని కొలిచి పెట్రోలు పోసే బండికి అది సహజమే. ఫిల్టరు మార్చండి, ఇంజను ఆరోగ్యం కోసం. టైర్ల గాలీ అంతే, జనం అనుకునేంత మహిమ దానికి లేదు. ఒక పీఎస్ఐ తగ్గితే పోయేది 0.2 శాతం అని అమెరికా ప్రభుత్వ లెక్క. కాకపోతే మనవాళ్లు ఒకటితో ఆగరు, పది దాకా తగ్గనిస్తారు.

పెట్రోలు పైపుకు కట్టే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే కలరా ఉండలు, ఏవేవో సీసాలు, వీటి గురించి ఒక్క వాక్యం చాలు: అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి సరుకు వంద రకాల దాకా పరీక్షించి దాదాపు అన్నిటినీ పక్కన పెట్టింది. ఆకులతో పెట్రోలు చేస్తానని 1996లో రామర్ పిళ్లై తమిళనాట సంచలనం లేపితే దేశమంతా నోరెళ్లబెట్టి చూసింది. ఆ ఆశ మనలో ఇంకా చావలేదు, వాట్సాప్‌లో బతికే ఉంది.

ఇక నడిపే తీరు. మెల్లగా నడిపితే ఆదా అన్నది సగం నిజం. సిగ్నల్ దగ్గర కదిలాక యాక్సిలరేటర్ మీద కాలు పెట్టీ పెట్టనట్టు సెకండ్ గేరులోనే సాగదీస్తే థ్రాటిల్ మూసుకునే ఉంటుంది, ఇంజను గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. రెండు నష్టాలూ కలుస్తాయి. అంతకంటే కాస్త గట్టిగానే నొక్కి, రెండువేలు, రెండున్నరవేలు తిరగ్గానే పై గేరుకు మార్చుకుంటూ పోవడం మేలు. పెద్ద ఇంజను కింది తిప్పుల్లోనే లాగుతుంది; ఆ బలానికి ఎప్పుడో డబ్బు కట్టేశాం, వాడుకోవాలి. అసలు ఆదా ముందు చూపులో ఉంది. వంద మీటర్ల దూరంలో ఎర్ర లైటు కనిపిస్తుంటే పరుగెత్తి వెళ్లి బ్రేకు కొట్టడం అంటే కొన్న పెట్రోలును బ్రేకు ప్యాడ్లతో వేడి చేసి గాలికి వదలడం.

దిగుడులో న్యూట్రల్ వేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. జూబ్లీహిల్స్ దిగుళ్లలో పక్క బండ్ల చప్పుడు వింటేనే తెలిసిపోతుంది. ఇంజెక్షన్ కారులో అది నష్టమే. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి, కంప్యూటరు పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆగిపోకుండా ఉండటానికి ఎంతో కొంత పోస్తూనే ఉండాలి. బ్రేకుల మీద భారం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇన్ని చేశాక బంకుల్లోకి ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు వచ్చింది. ఇథనాల్లో శక్తి, లీటరుకు లీటరు చూస్తే, పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదికే పాత తరం కార్లలో ఆరేడు శాతం మైలేజీ పడిపోవచ్చని అంచనా వేసింది. అంటే థర్మోస్టాట్ వేటాడి సంపాదించినదాంట్లో కొంత బంకులోనే తిరిగి ఇచ్చేయాలి, ధర మాత్రం తగ్గదు. పాత రబ్బరు పైపులకు, సీళ్లకు ఇథనాల్ పడదు కాబట్టి వాటినీ మార్పించాలి. పెట్రోలు వాసన రావడం మొదలయ్యాక మార్పిద్దామనుకోవడం తెలివి కాదు. ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోయిస్తే పరిహారం దొరుకుతుందా? ఎక్కువ ఆక్టేన్ అంటే ఎక్కువ శక్తి కాదు, తొందరపడి పేలకుండా ఓర్చుకోవడం మాత్రమే. ఆ ఓర్పు అవసరం లేని ఇంజనుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మొత్తం మీద తొమ్మిది పదకొండయింది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాడికి ఇరవై లీటర్లు, అంటే రెండువేల పైచిలుకు మిగులుతుంది. "ఇంత బాధ ఎందుకు, పద్దెనిమిది ఇచ్చే కొత్తది కొనరాదూ" అంటారు. కొంటే ఇంకో ముప్పై ఐదు లీటర్లు మిగిలే మాట నిజమే. దాని కోసం నెలనెలా బ్యాంకుకు కట్టే వాయిదాలో ఆ డబ్బు నాలుగో వంతు కూడా కాదు. పెట్రోలు పొదుపుకని కొత్త కారు కొనేవాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. నిజంగా పొదుపు కావాలంటే నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉంది. అమీర్‌పేటలో నేను క్లచ్ తొక్కుతూ ఉంటే అది నా తల మీంచే పోతుంటుంది. ఈ మధ్య వారంలో సగం రోజులు అందులోనే వెళ్తున్నాను. మోకాలికి కూడా అదే హాయి.

మిగిలినవి ఆదివారాలు. అవుటర్ రింగ్ రోడ్డు మీద తొంభై దగ్గర ఐదో గేరులో స్థిరంగా పెట్టుకుంటే ఈ బండే లీటరుకు పద్నాలుగు ఇస్తుంది. నూట ఇరవైకి అనుమతి ఉంది గానీ గాలి ఎదురొత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది, మైలేజీ కళ్లముందే కరుగుతుంది. అయితే రోడ్డెక్కేటప్పుడు, ర్యాంపు మీద, ఎదర ఖాళీగా ఉంటే, మూడో గేరులో ఆరువేల దాకా లాగనిస్తాను. పదహారు వాల్వులు అప్పుడు గానీ పూర్తిగా ఊపిరి తీసుకోవు. ఆ కిలోమీటర్లనూ లెక్కలోనే రాస్తున్నాను. నెల సగటు పదకొండు దాటకపోవడానికి సగం కారణం ఆ ర్యాంపే.