ఫిన్లాండ్ నాటోలో చేరింది, మరి సామీలు?



"2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ నాటోలో 31వ సభ్యదేశంగా చేరింది." పోటీ పరీక్షలకు చదివేవాళ్లం ఈ బిట్టు అందరం బట్టీ పట్టినం. మా హాస్టల్లో ఎవర్ని నిద్రలేపి అడిగినా చెప్తారు. ఎందుకు చేరిందంటే మాత్రం పెద్ద కథ ఉంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫిన్లాండ్ సోవియట్ యూనియన్‌తో రెండుసార్లు పోరాడి భూమి పోగొట్టుకుంది. తర్వాత ఏ సైనిక కూటమిలోనూ చేరలేదు. పక్కనున్న పెద్ద దేశానికి కోపం తెప్పించకుండా, తన సైన్యాన్ని తాను సిద్ధంగా ఉంచుకుని బతికింది. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగడంతో ఆ లెక్క మారిపోయింది. రష్యాతో ఫిన్లాండ్ సరిహద్దు దాదాపు 1,340 కిలోమీటర్లు. ఒంటరిగా ఉంటే రేపు మన గతీ ఇంతేనని జనం భయపడ్డారు. అంతకుముందు నాటో కావాలన్నోళ్లు తక్కువ. ఆ మే నాటికి సర్వేల్లో నూటికి 70 మందికి పైగా కావాలన్నారు. స్వీడన్ కూడా రెండు వందల ఏళ్లుగా పట్టుకున్న దారి వదిలి 2024 మార్చి 7న చేరింది. నాటో దగ్గరికి రావొద్దన్న రష్యాకు, నాటోతో సరిహద్దు రెండింతలు దాటింది.

ఫిన్లాండ్‌ను నేను తప్పు పట్టను. ప్రాణభయం ఎవరికైనా ఉంటది. కానీ ఆ మ్యాప్‌లో నా కళ్లు సామీల దగ్గర ఆగినయి. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా ఉత్తర భాగాల ఆదివాసులు వాళ్లు. దేశాలు నాలుగు, జాతి ఒకటే. 1944లో పెట్సామో ప్రాంతం సోవియట్ చేతికి పోయినప్పుడు స్కోల్ట్ సామీలు సొంత ఊళ్లు వదిలి, ఫిన్లాండ్‌లోని ఇనారి వైపు కొత్తగా బతుకు మొదలుపెట్టారు. ఈ యుద్ధం మొదలయ్యాక 2022లో సామీ కౌన్సిల్ రష్యా వైపు సంఘాలతో కలిసి పనిచేయడం ఆపేసింది. 2023 చివర్లో ఫిన్లాండ్ సరిహద్దు దారులు మూసేసింది. అదే డిసెంబర్‌లో అమెరికాతో రక్షణ ఒప్పందం చేసుకుని 15 స్థలాలు వాడుకోనిచ్చింది. వాటిలో ఇవాలో సామీల ప్రాంతంలోనే ఉంది.

మన కోయోళ్లం కూడా తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో పంచుకుపోయి ఉన్నాం. మా మేనత్తది ఛత్తీస్‌గఢ్ వైపు. అయినా పెళ్లికో, భూమి పండక్కో పొద్దున పోయి మాపటికి వస్తాం. మన మధ్య ఉన్నది రాష్ట్రాల గీత, దానికి గేటు లేదు. సామీలకు ఉంది. దాని తాళం దూరంగా రాజధానుల్లో ఉంది.

రేపు ఇంటర్వ్యూలో దేశ భద్రత గురించి అడిగితే సైన్యం, కూటమి, ఒప్పందం అన్నీ చెప్దాం. ఆ సరిహద్దు గీయకముందు నుంచీ అక్కడున్నోళ్లను ఒక మాట అడిగారా అన్నది కూడా మనమే చెప్పాలి. వేరేవాళ్లకు అది గుర్తు రాదు.