గుండు, బద్ద

అమ్మ నాకు వంట నేర్పింది, ముగ్గు నేర్పింది, కొబ్బరి ఈనెలతో చీపురు కట్టడం కూడా నేర్పింది. జీడిపిక్క కొట్టడం మాత్రం నేర్పలేదు. పక్కన కూర్చుని కర్ర పట్టుకోబోతే "ఎల్లి సదుంకో" అని తరిమేది.

మాది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు. ఒక పక్క సముద్రం, మిగతాదంతా కొబ్బరి, జీడి తోటలు. తోట లేనివాళ్లకి పలాస-కాశీబుగ్గలో జీడి పని. అమ్మ పాతికేళ్లు చేసింది. కాల్చిన పిక్కని రాయి మీద నిలబెట్టి చిన్న కర్రతో ఒక్క దెబ్బ. పైడొక్క పగలాలి, లోపల పప్పు పగలకూడదు. గుండుకి ఒక ధర, బద్దకి ఒక ధర. డొక్కలోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి చేతులకి బూడిద రాసుకునేవారు. అయినా అమ్మ వేళ్లు నల్లగానే ఉండేవి. టెన్త్‌లో ఫ్రెండ్స్ ఇంటికొస్తే, ఆ వేళ్లు వాళ్లకి కనపడకూడదని మంచినీళ్లు నేనే తెచ్చిచ్చేదాన్ని.

ఫ్యాక్టరీల్లోకి కటింగ్ మిషన్లు వచ్చాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చి మా చుట్టూ ఉన్న తోటల్ని పడుకోబెట్టేసింది. ఆ ఏడాదే అమ్మ పని మానేసింది. పోయినేడాది స్ట్రోక్ వచ్చింది. మెదడులో ఎడమ పక్క దెబ్బతింది, కుడి చెయ్యి పడిపోయింది. నేను లాప్‌టాప్ పట్టుకుని హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చేశాను.

వారానికోసారి టెక్కలిలో ఫిజియోథెరపీ. ఒకరోజు అక్కడ అమ్మ రెండు చేతుల మధ్య ఒక అద్దం నిలబెట్టారు. కుడి చెయ్యి అద్దం వెనక ఉండిపోయింది. ఎడమ చెయ్యి కదిపితే, అద్దంలో కుడి చెయ్యే కదిలినట్టు కనిపిస్తుంది. వి.ఎస్. రామచంద్రన్ ఈ ఉపాయాన్ని 1990ల్లో, తీసేసిన చెయ్యి ఇంకా నొప్పెడుతోందనే వాళ్ల కోసం కనిపెట్టాడు. తర్వాత స్ట్రోక్ వచ్చినవాళ్లకీ వాడటం మొదలైంది. అమ్మ అద్దంలోకి చూసి, "సెయ్యి నాదేనేటి?" అంది.

ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఇటలీలోని పార్మాలో రిజొలాటి బృందం కోతుల మెదడుని పరిశీలిస్తోంది. కోతి ఏదైనా అందుకున్నప్పుడు స్పందించే కొన్ని న్యూరాన్లు, మనిషి అందుకోవడాన్ని అది ఊరికే చూస్తున్నప్పుడు కూడా స్పందించాయి. ఆ సంగతి 1992లో ప్రచురించారు. తర్వాత వాటికి మిర్రర్ న్యూరాన్లని పేరొచ్చింది. వాటి గురించి చెప్పిన గొప్పలన్నీ నిజం కావని ఇప్పటికీ వాదనలున్నాయి. నన్ను పట్టుకున్నది మాత్రం 2006లో వచ్చిన ఇంకో అధ్యయనం. బాలేలో ఆడా మగా కలిసే సాధన చేస్తారు, ఒకరి అడుగులు ఒకరు రోజూ చూస్తారు. కానీ కొన్ని అడుగులు ఆడవాళ్లే వేస్తారు, కొన్ని మగవాళ్లే. స్కానర్‌లో ఉంచి వీడియోలు చూపిస్తే, తాము రోజూ చూసే అడుగులకన్నా తాము వేసే అడుగులకే మెదడులోని కదలికల ప్రాంతాలు ఎక్కువ స్పందించాయి.

అంటే పదిహేనేళ్లు అమ్మ పక్కనే కూర్చుని నేను చూసిందేంటి?

పక్కింటి పిన్ని దగ్గర కాల్చిన పిక్కలు గుప్పెడు అడిగి తెచ్చాను. రాయి, కర్ర అటక మీదే ఉన్నాయి. మొదటి దెబ్బకి పప్పు నుజ్జయింది. రెండోదీ అంతే.

"అలగ కాదే."

"మరెలా? చెప్పు."

అమ్మ చాలాసేపు ఆలోచించింది. "నాకేటి తెలుసు? సేతికి తెలుసు."

విసుక్కున్నాను గానీ, తను చెప్పింది నిజమే. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కి 1953లో మూర్ఛ తగ్గించడానికి ఆపరేషన్ చేస్తే, కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమని బ్రెండా మిల్నర్ అతనికి పని పెట్టింది. రోజు రోజుకీ తప్పులు తగ్గాయి. ఆ పని అంతకుముందు చేసినట్టే అతనికి గుర్తులేదు. మనిషి మర్చిపోయినా చెయ్యి నేర్చుకుంది. అమ్మ విషయం ఇంకోలా ఉంది. మనిషికి అంతా గుర్తుంది, కానీ నేర్చుకున్న ఆ చెయ్యి లేవదు.

మూడో పిక్కకి అమ్మే ముందుకు జరిగింది. ఎడమ చేత్తో పిక్క తీసుకుని, వేళ్ల మధ్య తిప్పి, రాయి మీద నిలబెట్టింది. పాతికేళ్లూ ఆ చెయ్యి పని అదే కదా! అది మర్చిపోలేదు. "కొట్టు" అంది. భయమేసింది, వేలి మీద పడుతుందని. "కొట్టవే గుంటా!" కర్ర దిగే లోపల తన వేళ్లు పక్కకి తప్పుకున్నాయి. బద్దయింది. మళ్లీ నిలబెట్టింది. ఈసారి పిక్కని కొంచెం వాల్చింది. ఎందుకని అడగలేదు. కొట్టాను.

అద్భుతాలేం జరగలేదు. ఆరు నెలల తర్వాత కూడా అమ్మ కుడి చెయ్యి గ్లాసు పట్టుకుంటుంది గానీ కర్ర పట్టుకోలేదు. ఆదివారాలు మేమిద్దరం కలిసి ఒక మనిషి పని చేస్తాం, ఎడమ చెయ్యి తనది, కుడి చెయ్యి నాది. నా వేళ్లకీ నలుపంటుకుంది. మొదటిసారి అది చూసి అమ్మ మొహం ముడుచుకుంది. "ఇందుకేనేటి నిన్ను సదివించింది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు ఒకే ఒక్క గుండొచ్చింది. నోట్లో వేసుకోబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. గుండుని తీసి చాటలో ఒక పక్కన విడిగా పెట్టి, బద్దలు నావైపు తోసింది, తినమని.