నాయన గుండెలో మచ్చ

మాది నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు. మేము ముగ్గురము అన్నదమ్ములము. మా ఇంటిలో జరిగిన ఒక పొరపాటును దాచకుండా వ్రాస్తున్నాము. చదివే కుటుంబములలో ఒక్కరికి మేలు కలిగినా చాలును.

2019 జనవరిలో ఒకనాటి ఉదయము నాయన వేరుశనగ చేనికి నీళ్ళు కట్టి వచ్చి అరుగు మీద కూలబడినాడు. చలికాలమైనా ఒళ్ళంతా చెమట. "ఛాతీల బరువుగున్నది. గ్యాసే లేరా, ఇంత సోడా తేండ్రి" అన్నాడు. సోడా తాగించి, గ్యాసు బిళ్ళ వేసినాము. సాయంత్రానికి నెమ్మదించింది. ఆ సంగతి అంతటితో మరచిపోయినాము.

రెండు నెలలు గడిచినవి. ఒక ఆదివారము ఆరాధనకు నడుస్తూ నాయన రెండుచోట్ల ఆగిపోయినాడు. ఊపిరి ఆడలేదు. పాదములు వాచినవి. నాగర్‌కర్నూల్‌లో ఇ.సి.జి. తీసిన డాక్టరుగారు, "పెద్దాయనా, ఈ మధ్య ఛాతీలో నొప్పి గాని, బరువు గాని వచ్చిందా?" అని అడిగారు. మేము ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము.

హైదరాబాదుకు తీసుకొనిపోయి ఎకో పరీక్ష చేయించినాము. నాయన భయపడినాడు గాని అందులో సూదులు లేవు, నొప్పి లేదు. గర్భిణీ స్త్రీలకు చేసే స్కానింగ్ వంటిదే. ఛాతీకి జెల్ పూసి చిన్న పరికరము ఆనిస్తారు. మన చెవికి వినబడని శబ్ద తరంగములు లోపలికి వెళ్ళి, గుండెకు తగిలి తిరిగివస్తే తెర మీద బొమ్మ కడుతుంది. స్వీడన్ దేశములోని లుండ్ పట్టణములో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు 1953లో, లోహములలో లోపములను వెదికే యంత్రముతో ఈ పద్ధతికి నాంది పలికారు.

డాక్టరమ్మగారు మాకు తెర చూపించారు. మంచి కండ ప్రతి కొట్టుకు లోపలికి ముడుచుకొని మందమవుతున్నది. ముందు గోడలో, గుండె కొన దగ్గర ఒక భాగము మాత్రము పలుచగా, తెల్లగా, కదలక ఉన్నది. "అది మచ్చ. రక్తము అందక కండ గంటలలోనే చనిపోతుంది. వారాలు గడిచేసరికి అక్కడ మచ్చ కడుతుంది. అది మళ్ళీ కండ కాదు" అన్నారు. ఆరోగ్యవంతుల గుండె ఒక్కొక్క కొట్టుకు తనలోని రక్తములో 55 శాతమో, అంతకన్నా ఎక్కువో బయటకు పంపుతుంది. నాయనకు 35 శాతమే.

పక్క గోడ కూడా సరిగా కదలలేదు. మాకు దిక్కు తోచలేదు. అయితే ఆమె, "కదలనిదంతా చచ్చినది కాదు. రక్తము చాలక నిద్రపోయే కండ కూడా ఉంటుంది. దానిని లేపి చూద్దాము" అన్నారు. మరునాడు డోబుటమిన్ అనే మందును రక్తనాళములోకి కొద్దికొద్దిగా ఎక్కిస్తూ మళ్ళీ ఎకో తీశారు. ముందు గోడ ఉన్నచోటనే ఉన్నది. పక్క గోడ మాత్రము మెల్లగా కదిలింది! రైతులము గనుక మాకు వెంటనే అర్థమైనది. ఒకటి చౌడు నేల, రెండవది బీడు. బీడుకు నీళ్ళు పెడితే పండుతుంది.

ఆ పక్కకు రక్తమిచ్చే నాళములో అడ్డు ఉంటే స్టెంటు వేశారు. మూడు నెలల తరువాత ఎకోలో 35 శాతము 43 అయినది. మచ్చ మాత్రము అట్లే ఉన్నది. దాని వల్ల గుండె కొట్టుకొనే లయ తప్పవచ్చును, కదలని చోట రక్తము గడ్డ కట్టవచ్చును గనుక మందులు మానవద్దని, ఎకోకు తప్పక రావాలని చెప్పారు.

ఆ ఉదయము ఆసుపత్రికి పరుగెత్తి ఉంటే ఆ చౌడు అంత పెరిగేది కాదేమో. నాయనకు షుగరు ఉన్నది. షుగరు ఉన్నవారికి గుండెపోటులో నొప్పి తక్కువగా తెలియవచ్చునని తరువాత విన్నాము.

ఇప్పుడు నాయన బరువులు ఎత్తడు, ఉప్పు తగ్గించినాడు, పూటకు మందు మరువడు. ఊరిలో ఎవరైనా చెమటలు పట్టి "గ్యాసే" అంటే, అందరికన్న ముందు ఆయనే అంటాడు: "సోడా కాదు బిడ్డా, 108కి ఫోన్ కొట్టుండ్రి."