కొల్లూరులో ఒక ఈసీజీ కాగితం

పొటాషియం చానెల్ కణం పొరలో ఉండే ప్రోటీన్ ద్వారం. కణం లోపల పొటాషియం బయటికంటే దాదాపు 30 రెట్లు ఎక్కువ. ద్వారం తెరుచుకుంటే పొటాషియం బయటికి జారుతుంది, ఉద్రేకపడ్డ కణం నెమ్మదిస్తుంది. మనిషిలో ఈ ద్వారాలను తయారుచేసే జన్యువులు 70కి పైగా ఉన్నాయి.

వాటి పని ఈసీజీ కాగితం మీద కంటికి కనిపిస్తుంది. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023లో ప్రారంభమైన 15,660 డబుల్ బెడ్రూం ఇళ్ల కాలనీ దగ్గర ఓ చిన్న క్లినిక్‌లో మేం చూసింది అదే. నిటారుగా లేచిన గీత గుండె కింది గదులు ముడుచుకోబోతున్నాయని చెబుతుంది. తర్వాత వచ్చే గుండ్రటి టీ తరంగం ఆ కండరం తేరుకుంటోందనడానికి గుర్తు. తేరుకునేలా చేసేది ముఖ్యంగా పొటాషియం చానెళ్లే. నిటారు గీత మొదలయ్యే క్యూ నుంచి టీ ముగిసేదాకా ఉన్న ఎడం, అంటే క్యూటీ, మితిమీరి సాగితే గుండె లయ ఉన్నట్టుండి తప్పవచ్చు. బల్లమీద పడుకున్న పెద్దావిడను నర్సు అడిగింది: "పెద్దమ్మా, ఏమేం గోలీలు మింగుతున్నవ్?" ఆ ప్రశ్న కాగితమంత ముఖ్యమైనది.

గుండెను అలా తేరుకునేలా చేసే చానెళ్లలో ఒకదాని ఆచూకీ ఈగల ద్వారా దొరికింది. ఈథర్ మత్తులో కాళ్లు వణికించే ఒక రకం పండ్ల ఈగల్లో లోపం ఏ జన్యువులో ఉందో తేలాక, 1994లో అమెరికాలో వామ్కే, గానెట్స్కీ దానికి మనిషిలో ఉన్న బంధువును పట్టుకున్నారు. దాని పేరు హెర్గ్. దొరికింది మెదడు నుంచి తీసిన జన్యు సేకరణలో. అసలు ప్రాధాన్యం తెలిసింది గుండెలో. 1995లో కీటింగ్ బృందం, వంశపారంపర్యంగా క్యూటీ సాగే కొన్ని కుటుంబాల్లో ఇదే జన్యువు చెడిందని చూపింది. ఆ జన్యువును కప్ప గుడ్లలో పనిచేయించి చూస్తే, గుండె కండరంలో అంతకుముందే కొలిచిన ఒక విద్యుత్ ప్రవాహంతో అది సరిపోయింది. జన్యువుకూ ప్రవాహానికీ ముడి పడితేనే చానెల్‌ను గుర్తించినట్టు.

ఆ ప్రవాహాన్ని కొలిచే పద్ధతి ప్యాచ్ క్లాంప్. సన్నటి గాజు గొట్టం మొనను కణం పొరకు ఆనించి కొద్దిగా పీలిస్తే గట్టిగా అతుక్కుంటుంది. అప్పుడు ఒక్క ద్వారం తెరుచుకోవడం, మూసుకోవడం కూడా నమోదవుతాయి. నేహర్, సాక్‌మన్ 1976లో దీన్ని సాధించారు, 1991లో నోబెల్ అందుకున్నారు. ఏ వోల్టేజీ దగ్గర తెరుచుకుంది, ఎంత వేగంగా, ఏ మందుకు మూసుకుంది అన్నవి చానెల్‌కు వేలిముద్రల్లాంటివి. కణజాలంలో ఆర్‌ఎన్‌ఏ వెతికితే జన్యువు అక్కడ పనిచేస్తోందని తెలుస్తుంది. కానీ ముక్కలో రకరకాల కణాలు కలిసి ఉంటాయి, ఏ కణంలో ఉందో యాంటీబాడీ రంగు వేస్తే బయటపడుతుంది.

పెద్దమ్మ చీటీలో షుగర్ గోలీ గ్లిక్లజైడ్ ఉంది. దాని కథకు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మూలపురుషుడు. 1929లో ఆయన, ఫిస్క్ కలిసి కండరంలో, కణానికి శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. 1983లో నోమా గుండె కండరంలో ఏటీపీ పెరిగితే మూసుకునే పొటాషియం చానెల్‌ను కనుగొన్నాడు. క్లోమంలోనూ అలాంటిదే ఉంది: చక్కెర చేరి ఏటీపీ పెరగగానే అది మూసుకుంటుంది, ఇన్సులిన్ విడుదలవుతుంది. గోలీ చేసేదీ అదే. రెండు చోట్లా ద్వారం ఒకటే, దానికి జతగా ఉన్న ప్రోటీన్ వేరు. అందుకే గ్లిక్లజైడ్ పట్టు క్లోమంలో బలంగా, గుండెలో బలహీనంగా ఉంటుంది.

నర్సు ప్రశ్న వెనక ఉన్నది మాత్రం హెర్గ్. కొత్త మందు అణువు హెర్గ్‌ను మూస్తుందేమో పరీక్షించాలని 2005లో అంతర్జాతీయ మార్గదర్శకం వచ్చింది. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మాత్ర నేర్పిన పాఠం అది. మామూలుగా కాలేయం దాన్ని విరిచేస్తుంది. తోడుగా కీటోకొనజోల్ లాంటి మందు వేసుకుంటే విరగకుండా రక్తంలో పేరుకుని హెర్గ్‌ను మూసేది. కొందరి ప్రాణాలు పోయాక 1998లో అమెరికా మార్కెట్ నుంచి దాన్ని తీసేశారు.

ఈసీజీకి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న గోలీలన్నీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా, వెంట తీసుకెళ్లి చూపించండి.