ఒక్క నిమిషం లెక్క

మా అక్క కొడుక్కి ఎనిమిది నెలలప్పటి మాట. సంక్రాంతికి ఊరెళ్తే వాడికి దగ్గు, జ్వరం. పిల్లల డాక్టర్ కావాలంటే టౌనుకి నలభై కిలోమీటర్లు. ‘పీహెచ్‌సీలో ఉండేది మామూలు ఎంబీబీఎస్ డాక్టరేగా, టౌనుకే పోదాం’ అన్నాను. అక్క వినలేదు.

డాక్టర్‌గారు ముందు స్టెత్ ముట్టుకోలేదు. ‘చొక్కా పైకెత్తమ్మా, బాబుని ఏడవనీయకు’ అని, వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టారు. నిండా ఒక నిమిషం. 58.

‘రెండు నెలలు దాటి ఏడాదిలోపు పిల్లలకి 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు వాళ్లకి 40. అంతకు చేరిందంటే నిమోనియాగానే చూస్తాం. డొక్కలు లోపలికి పోవట్లేదు, పాలు తాగుతున్నాడు, ఫిట్స్ లేవు. టౌను అక్కర్లేదు’ అంటూ అమాక్సిసిలిన్ ఇచ్చారు. రెండ్రోజుల్లో మళ్లీ చూపించమన్నారు. పాలు మానేసినా, మత్తుగా పడున్నా వెంటనే తెమ్మన్నారు.

ఇదంతా ఐఎంఎన్‌సీఐ ట్రైనింగ్‌లో నేర్పారట. ఎక్స్‌రే లేనిచోట కూడా జబ్బు తీవ్రత పట్టుకోవడానికి డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ 1990ల్లో తెచ్చిన పద్ధతికి మన దేశపు రూపం అది. ఆ చార్టు చూస్తే మా కోడ్‌లో ఇఫ్-ఎల్స్‌లా అనిపించింది. ‘చార్టు ఎవరైనా చదువుతారు. కదిలే పిల్లాడి ఊపిరి లెక్కపెట్టడమే కష్టం. పిల్లల దగ్గర కూర్చుని చేస్తేనే వస్తుంది’ అన్నారాయన.

నిజమే. ఆ రాత్రి ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నేనూ లెక్కపెట్టా. మూడుసార్లు తప్పాను.

వాడు కోలుకున్నాడు. ఇప్పుడు అక్క ఫోన్ చేసి ‘దగ్గురా’ అంటే, నా మొదటి ప్రశ్న ఒకటే: ‘ఎంత వచ్చింది?’