కంప పోయింది, చెక్కదడి వచ్చింది

దొడ్లో నాలుగు పాదులు పెట్టుకునే ప్రతి ఇల్లాలికీ జీవాలతో పోరు తప్పదు. మీకూ ఉండే ఉంటుంది. వంగనారు నాలుగాకులు వేసిందో లేదో, ఎక్కణ్ణుంచి చూస్తుందో ఏమో, మేక వచ్చి వాలుతుంది. మా బేస్తవారిపేట వైపు దీనికి పాతకాలం నుంచీ ఒకటే మందు, ముళ్లకంప. మాది మెట్ట ప్రాంతం. వానలకి ఏ పంట పండినా పండకపోయినా సర్కారు తుమ్మ మాత్రం పెరుగుతుంది. దాన్ని కొట్టి దొడ్డి చుట్టూ పేరిస్తే పైసా ఖర్చు లేని దడి. అసలిది మన చెట్టు కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1877లో మన పక్క కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. నాటిన దొరలు వెళ్లిపోయారు గానీ కంప వెళ్లలేదు.

ముల్లు దిగితే మనం పిన్నీసుతో తీసుకుని, కాస్త పసుపు అద్దుకుని పనిలో పడతాం. ఇంట్లో షుగరున్న వాళ్లుంటే మాత్రం అంత తేలిగ్గా తీసుకోకండి. రెండేళ్ల కిందట మా అత్తయ్య కరివేపాకు కోసమని వట్టి కాళ్లతో దొడ్లోకెళ్లింది. ముల్లు దిగిన సంగతి ఆమెకే తెలీదు. పదిహేనేళ్లుగా షుగరు, అరికాళ్లు తిమ్మిరి. నొప్పి తెలిస్తే గదా చెప్పేది! మూడో రోజు గచ్చు మీద తడి మరక చూసి "ఇదేంటత్తయ్యా" అని కాలు తిప్పి చూస్తే పుండు. రెండు నెలలు కట్లు కట్టించాం. వేలు తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరుగారు అన్న రోజు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. దేవుడి దయ, వేలు నిలిచింది. ఇప్పటికీ రోజూ రాత్రి లైటు వేసి ఆమె అరికాళ్లు, వేళ్ల సందులు చూసిగానీ నేను పడుకోను. మీ ఇంట్లోనూ ఆ అలవాటు పెట్టుకోండి.

ఇక కంప ఉంచేది లేదనుకున్నాం. గోడంటే మాటలా? ఇటుక, సిమెంటు, కూలి... అడక్కండి. అప్పుడే మావారు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల పక్క ప్యాలెట్లు చూసొచ్చారు. లారీల్లో సరుకు కింద పెడతారే, ఆ చెక్క చట్రాలు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దని వాళ్లు మనలో ఎంతమంది? ఇప్పుడు ఆ రాయే గోడలకీ, నేలకీ అతికించే బిళ్లలుగా విదేశాలకు కూడా పోతోంది. విరిగిన, మిగిలిన చట్రాలను కట్టెల ధరకే ఇచ్చేశారు.

కొనేముందు చెక్క మీద ముద్ర చూడండి. దేశాలు దాటే చెక్కకి గోధుమ కంకి బొమ్మతో ముద్ర ఉంటుంది. పక్కన హెచ్.టి. అనే ఇంగ్లీషు అక్షరాలుంటే చెక్కని లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచారని అర్థం, పురుగు చావడానికి. అది నిక్షేపంగా వాడుకోవచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. కూరపాదుల పక్కన నాకొద్దు. ముద్ర లేనివాటిలో నూనె మరకలు, రంగులు, మందు వాసన ఉన్నవి వదిలేశాం. అలాంటివి నీళ్ల పొయ్యిలోకి కూడా వద్దు, ఆ పొగ పీల్చేది మనమే.

చట్రాలు ఊడదీయాలని మొదట ఆచారి చూశాడు. మేకులకి మెలికలుంటాయి, లాగితే చెక్క చీలుతుంది. ఊడదీయడం మానేసి అలాగే నిలబెట్టాం. ఒక్కోటి దాదాపు నాలుగడుగుల పొడవు, మూడడుగుల మూడంగుళాల వెడల్పు. మా నలభై అడుగుల దొడ్డికి పది పట్టాయి. రెండేసి చట్రాల మధ్య ఒక రాతి కూసం, రెండడుగులు భూమిలోకి దించి, కట్టుతీగతో బిగించాం. చెక్కలు నిలువుగా ఉండేలా చూసుకోండి. అడ్డంగా పెడితే మేకకి నిచ్చెన వేసినట్టే!

అసలు శత్రువు చెదలు. ఈ చెక్క మెత్తన, మన్ను తగిలితే ఏడాదికే పిండైపోతుంది. అందుకని కింద నాపరాయి ముక్కలు పేర్చి, నేలకి ఆరంగుళాల ఎత్తున నిలబెట్టాం. వాడేసిన ఇంజనాయిలు పూయమని చాలామంది చెప్పారు. అది వానకి కారి పాదుల్లోకే గదా దిగేది? ఒప్పుకోలేదు. బయటివైపు మాత్రం పెయింటు వేయించాం, రెండు చేతులు.

చిక్కుడు, కాకర ఇప్పుడు దడి మీదికే పాకాయి, వేరే పందిరి లేదు. తీసిన కంపని ఎండబెట్టి నీళ్ల పొయ్యికి వాడాం, చాలా రోజులొచ్చింది. తొలకరికి ముందు ఒకసారి చీపురు పట్టుకుని దడి వెంబడి వెళ్తాను. రాళ్ల మీద చెదపుట్ట మట్టి గీతలు కనిపిస్తే దులిపేస్తాను. పోయిన వేసవిలో ఒక చట్రం అడుగు చెక్క మార్చాల్సి వచ్చింది. మిగతా తొమ్మిదీ గట్టిగానే ఉన్నాయి.